చలానా కాదు, డ్రాయింగు ఇవ్వండి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



ఊళ్ళో ఎవరింటికైనా శ్లాబు పడుతోందంటే ముందురోజు సాయంత్రానికే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఒకప్పుడు దాన్ని ట్రాక్టరుతో లాక్కొచ్చేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల పికప్ బండి లాక్కొస్తోంది. బండి వెనక బంపరుకు ఒక ఇనప హుక్కు అతికించి, మిల్లరు నొగను అందులోకి ఎక్కించి, పైనుంచి కిందికి ఒక కడ్డీ ముక్క దూర్చి హైవే ఎక్కిస్తారు. మిల్లరు ఒక్కటే కాదు. పెళ్ళిపందిరి దగ్గరికొచ్చే జనరేటరు, రోడ్డు తవ్వే కంప్రెషరు, తారు మరిగించే బాయిలరు, అన్నీ ఇదే పద్ధతిలో ఊరూరా తిరుగుతున్నాయి. పికప్‌కు మీ శాఖ ఫిట్‌నెస్ ఇస్తుంది. బ్రేకులు, లైట్లు, టైర్లు చూస్తుంది. ముందు బండినీ వెనక బండినీ కలిపే ఆ జానెడు ఇనుమును మాత్రం చూసే నాథుడు లేడు. ఈ లేఖ దాని గురించే.

నేను ఐటీఐలో వెల్డింగు నేర్పి రిటైరైన వాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు చాలామంది హైవేల పక్కన సొంత షాపులు పెట్టుకున్నారు. గేట్లు, గ్రిల్స్, షట్టర్లు, ట్రాక్టరు ట్రక్కులు వాళ్ళ చేతుల మీదుగా తయారవుతున్నాయి. పనిమంతులు. వాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్ళకు అందాల్సింది ఒకటి మీ దగ్గర ఆగిపోయింది, దాన్ని అడగడానికి రాస్తున్నాను.

హుక్కు తయారీ ఎలా జరుగుతుందో మీకు తెలియాలి. మేస్త్రీ పికప్ వేసుకుని షాపుకొస్తాడు. తెల్లారితే శ్లాబు. పక్క మండలం నుంచి మిల్లరు రావాలి. "ఒక హుక్కు పెట్టు తమ్ముడూ, అరగంటలో వెళ్ళిపోవాలి" అంటాడు. షాపు కుర్రాడు తుక్కులో వెతుకుతాడు. మంచి ప్లేటు ముక్క దొరికితే అదృష్టం. లేకపోతే పాత లారీ కమాను కట్టలోంచి ఊడదీసిన పట్టీ దొరుకుతుంది. గట్టి ఇనుము కదా అని దాన్నే కోసి, గ్యాసుతో చిల్లు చేసి, బంపరు మధ్యలో పెట్టి, 3.15 ఎం.ఎం. రాడ్డుతో చుట్టూ అతికేస్తాడు. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూస్తాడు. మోగుతుంది, ఊడదు. డబ్బులిచ్చి మేస్త్రీ వెళ్ళిపోతాడు.

కమాను పట్టీ సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే ఇందులో ఉన్న అపాయం కంటికి అసలు కనపడదు. స్ప్రింగు కోసం చేసిన ఉక్కులో కార్బన్ ఎక్కువ. మామూలు మైల్డ్ స్టీలులో ఉండేదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. దాన్ని ముందుగా వేడిచేయకుండా మామూలు 6013 రాడ్డుతో అతికితే, వెల్డింగు పక్కన వేడెక్కిన భాగం చప్పున చల్లారి గాజులా పెళుసైపోతుంది. పైకి వెల్డింగు నున్నగా, నిండుగా ఉంటుంది. లోపల వెంట్రుకవాసి పగులు అప్పటికే మొదలై ఉండొచ్చు. మైల్డ్ స్టీలు తెగేముందు వంగి చూపిస్తుంది. పెళుసెక్కిన కమాను పట్టీ వంగదు, ఒక్కసారే టక్కున విరుగుతుంది. గట్టి ఇనుము వాడానని కుర్రాడు తృప్తిపడతాడు. ఈ పనికి కావలసింది గట్టిదనం కాదు, సాగి నిలబడే గుణం. పది ఎం.ఎం. మామూలు ప్లేటు దీనికన్నా వెయ్యి రెట్లు నయం.

ఇక బంపరు. షాపులో ఈ మాటెత్తితే నా పాత విద్యార్థి ఒకడు, "మాస్టారూ, మిల్లరు బరువు టన్నుకు అటూ ఇటూ. నా వెల్డింగు నాలుగు టన్నులకు కూడా ఊడదు. కావాలంటే లెక్క వేసి చూపించండి" అన్నాడు. లెక్క వేశాను. వాడన్నది నిజమే. ఆరు ఎం.ఎం. ఫిల్లెట్ వెల్డింగు సరిగ్గా దిగితే పది సెంటీమీటర్ల పొడవు మన ప్రమాణాల ప్రకారమే నాలుగు టన్నులకు పైగా లాగుడును ఓర్చుకుంటుంది. రెండు పక్కలా వేస్తే అంతకు రెట్టింపు. మరి హుక్కులు ఎందుకు ఊడుతున్నాయి?

వెల్డింగు ఊడటం లేదు. వెల్డింగు పట్టుకున్న రేకు చిరుగుతోంది. బంపరు రెండు మూడు ఎం.ఎం. రేకును వంచి చేసినదో, పలచని గొట్టమో. పెద్ద బండ్లకు వెనక ఉండే అడ్డకమ్మీ పని వేరు. వెనకనుంచి వచ్చి గుద్దిన కారు బండి కిందికి దూరిపోకుండా అడ్డుకోవడం దాని పని. దాన్ని లెక్కగట్టింది ముందుకు నెట్టే దెబ్బకు. వెనక్కి లాగే బరువును రోజూ మోయమని ఎవరూ దానికి చెప్పలేదు. పది ఎం.ఎం. ప్లేటును రెండు ఎం.ఎం. రేకు మీద అతికితే ఆ రెంటిలో బలహీనమైనదే హుక్కు బలం. బంపరును ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, వాటి బోల్టులు ఇంకా బలహీనం. కుర్రాడు వెల్డింగు చూసి ధైర్యపడతాడు. బ్రాకెట్టు వంక ఎవరూ చూడరు.

దీనికి మెలి తోడవుతుంది. మిల్లరు నొగ కిందికి ఉంటుంది, బంపరు పైకి ఉంటుంది. ఎత్తు కుదరడానికి హుక్కును బంపరు కింద ఒక జానెడు వేలాడదీస్తారు. హుక్కు దగ్గర టన్ను లాగుడు పడి, ఆ హుక్కు బంపరుకు పదిహేను సెంటీమీటర్లు కిందుగా ఉంటే, బంపరు మీద 150 కేజీ-మీటర్ల మెలి పడుతుంది. బండి కదిలిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ, గుంటలో పడ్డ ప్రతిసారీ బంపరును అటోసారి ఇటోసారి తిప్పుతూ ఉంటుంది. ఇనుప తీగను చేత్తో ముందుకీ వెనక్కీ వంచుతూ పోతే ఎంత బలమైనదైనా తెగుతుందని మా ట్రెయినీలకు మొదటి వారంలోనే చూపించేవాణ్ణి. లోహానికి వచ్చే ఈ అలసటను ఫెటీగ్ అంటారు. ఫెటీగ్ పగులు మొదలయ్యేది వెల్డింగు అంచున, రాడ్డు ఆపి మళ్ళీ అందుకున్న చోట, అండర్‌కట్ పడి గాడి దిగినచోట. అక్కడ ఉక్కు ఎంత ఖరీదైనదైనా పెద్ద తేడా ఉండదు. అతుకు ఎక్కడ పెట్టాం, ఏ ఆకారంలో పెట్టాం అన్నదే ముఖ్యం. సుత్తి దెబ్బ పరీక్షకు ఇది చిక్కదు. మొదటి నెల చిక్కదు, ఆరో నెలలో హైవే మీద బయటపడుతుంది.

యూరపులో దీన్ని ఎలా లెక్కిస్తారో చెప్తే మీ ఇంజనీర్లకు పనికొస్తుంది. ఐక్యరాజ్యసమితి యూరపు ఆర్థిక సంఘం చేసిన 55వ నంబరు రెగ్యులేషను పూర్తిగా ఈ కలిపే ఇనుముల కోసమే. అందులో డి-విలువ అని ఒకటుంది. లాగే బండి గరిష్ఠ బరువును ట్రైలరు గరిష్ఠ బరువుతో గుణించి, ఆ రెంటి మొత్తంతో భాగించి, 9.81తో హెచ్చిస్తారు. బరువులు టన్నుల్లో తీసుకుంటే జవాబు కిలోన్యూటన్లలో వస్తుంది. మూడు టన్నుల పికప్ టన్నున్నర మిషనును లాగుతోందనుకోండి. మూడు, ఒకటిన్నర గుణిస్తే నాలుగున్నర. మొత్తం కూడా నాలుగున్నరే. కాబట్టి డి-విలువ 9.81 కిలోన్యూటన్లు, అంటే టన్ను బలం. ఇక్కడితో వాళ్ళు ఊరుకోరు. ఆ విలువలో 0.6 వంతు బలంతో నమూనా హుక్కును యంత్రం మీద ఒకసారి లాగి, ఒకసారి నెట్టి, అలా 20 లక్షల సార్లు ఊపుతారు. పగులు రాకపోతేనే దానికి అనుమతి ముద్ర. ఆ ముద్ర పక్కనే డి-విలువను, నొగ మోయగల బరువును పలక మీద చెక్కుతారు. 20 లక్షల ఊపులు తట్టుకున్న ఇనుము రోడ్డెక్కుతుందక్కడ. ఇక్కడ నాలుగు సుత్తి దెబ్బలు తట్టుకున్నది ఎక్కుతోంది.

బ్రిటన్‌లో 1998 ఆగస్టు 1 నుంచి రోడ్డెక్కిన కార్లకు అనుమతి పొందిన టో బార్ తప్ప వేరేది బిగించకూడదు. 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండి తీరాలి. మన మిల్లరుకు బ్రేకన్నదే లేదు. పికప్ డ్రైవరు బ్రేకు తొక్కితే వెనకున్న టన్ను బరువు ఆగదు, బండిని నెడుతుంది. పాడేరు ఘాట్‌లో గాని శ్రీశైలం ఘాట్‌లో గాని దిగుతున్నప్పుడు ఆ నెట్టుడు హుక్కు మీదే పడుతుంది. మలుపులో అయితే బండి వెనకభాగాన్ని పక్కకు తోసేస్తుంది.

అమెరికా సంగతి చెప్తే మీకు ఒక సందేహం రావచ్చు. టెక్సస్‌లోనో, ఓక్లహోమాలోనో ఉంటున్న మన పిల్లలు పికప్ కొనుక్కుని దాని బంపరుకే నొగ తగిలించే ఇనప బాల్ బిగించి పడవనో, సామాను ట్రైలరునో లాగుతున్న ఫోటోలు పంపుతుంటారు. అక్కడ బంపరుకు పెడితే లేని తప్పు ఇక్కడ ఎందుకు అని అడగొచ్చు. అక్కడి స్టెప్ బంపరును పుట్టుకతోనే లాగడానికి తయారుచేశారు. దాని బ్రాకెట్లు ఛాసిస్ కమ్ములకే బిగించి ఉంటాయి. బాల్ పెట్టడానికి చిల్లు కంపెనీయే చేసిస్తుంది. ఎన్ని పౌన్ల ట్రైలరును లాగొచ్చో, నొగ ఎంత బరువు మోపొచ్చో చాలా బంపర్ల మీదే అచ్చుగుద్ది ఉంటుంది. 3,500 పౌన్లు, 5,000 పౌన్లు అక్కడ మామూలుగా కనిపించే అంకెలు. 5,000 పౌన్లంటే సుమారు 2,270 కిలోలు. అంతకు మించితే బంపరును వదిలేసి, ఛాసిస్ కింద బోల్టులతో బిగించే రిసీవరుకు మారతారు. బాల్ కూడా ఒకటిన్నర అంగుళమో రెండో అని కంటితో అంచనా వేసి కొనేది కాదు. ఒకటీ ఏడు ఎనిమిదోవంతులు, రెండు, రెండూ అయిదు పదహారోవంతుల అంగుళాలని కొలతలున్నాయి. కొలత, మోసే బరువు బాల్ మీదే ఉంటాయి. ఇదంతా జె684 అనే, అక్కడి ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం (ఎస్.ఏ.ఇ.) ప్రమాణం చుట్టూ నడుస్తుంది.

అక్కడా సొంత గ్యారేజీలో వెల్డింగు మిషను పెట్టుకుని హిచ్ (హుక్కు) తయారుచేసుకునేవాళ్ళు బోలెడుమంది. విహార ట్రైలర్ల వెనకుండే నాలుగంగుళాల పలచని చదరపు గొట్టానికి హిచ్ అతికి, దారిలో గొట్టంతో సహా పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో చేసుకోవడం నేరమని అనను. చేతిలో పని ఉన్నవాడు తన బండికి తానే చేసుకోవడాన్ని నేను గౌరవిస్తాను. కాని అక్కడ చేసుకునేవాడికి చుట్టూ అంకెలున్నాయి. బంపరు మీద అంకె, బాల్ మీద అంకె, బండి పుస్తకంలో అంకె. ఎక్కడ దాటుతున్నాడో వాడికి తెలుసు. మన కుర్రాడికి ఒక్క అంకె కూడా అందుబాటులో లేదు. మన పికప్ ఎంత లాగగలదో యజమానికి తెలియదు, మిల్లరు బరువు దాని మీద రాసి ఉండదు, హుక్కు ఎంత బరువు ఓర్చుతుందో చేసినవాడికే తెలియదు.

నొగ మీద పడే బరువు సంగతి అయితే మన రైతులకు ఏ ఇంజనీరూ నేర్పక్కర్లేదు. ఎద్దుల బండిలో బస్తాలు వెనక్కి సర్దితే కాడి పైకి లేచి పట్టీలు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. మరీ ముందుకు సర్దితే మెడ కాయలు కాస్తుంది. అందుకే బండివాడు కాడి మీద కొంచెం బరువు నిలిచేలా సర్దుతాడు. రెండు చక్రాల ట్రైలరుకూ అదే న్యాయం. అమెరికాలో మొత్తం బరువులో పదినుంచి పదిహేను శాతం నొగ మీద పడాలంటారు. వెనక బరువెక్కువైతే పికప్ వెనక టైర్లు తేలిపోతాయి. వేగం పెరిగేకొద్దీ ట్రైలరు పాములా ఊగడం మొదలుపెడుతుంది. ఊగడం మొదలయ్యాక డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ. నాలుగు చక్రాల మిల్లరు నొగ మీద బరువు పెద్దగా పడదు గాని, దాని ముందు చక్రాలు అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి అది ఊగే తీరు వేరు. రెంటికీ ఒకే హుక్కు, ఒకే వేగం.

పిన్ను గురించి చెప్పాలంటే బాధ కలుగుతుంది. శ్లాబు పనిలో మిగిలిన టీఎంటీ కడ్డీ ముక్క పిన్ను అవుతుంది. పైన తల ఉండదు, కింద కాటరు పిన్ను ఉండదు. ఎగిరి బయటికి రాకుండా కింద ఒక మేకు వంచుతారు, లేదా బైండింగు వైరు చుడతారు. చిల్లు పెద్దది, కడ్డీ సన్నది. మధ్యలో ఉన్న సందులో ప్రతి గుంటకూ అది సమ్మెట దెబ్బలా తగులుతుంది. పిన్ను జారినా, హుక్కు విరిగినా మిషనును పట్టి ఉంచే రెండో ఏర్పాటు ఉండాలి. ట్రైలర్లు లాగే చాలా దేశాల్లో అది గొలుసు, లేదా తాడు. రెండు గొలుసులను నొగ కింద అడ్డంగా దాటించి కడితే, హుక్కు ఊడినా నొగ రోడ్డును పొడవకుండా ఆ గొలుసుల మీద నిలుస్తుంది. గొలుసు కట్టే చోటు హుక్కు మీద కాదు, ఛాసిస్‌కు ఉండాలి. హుక్కే పోయినప్పుడు హుక్కుకు కట్టిన గొలుసు ఎవరికి కావాలి? ఈ గొలుసుకయ్యే ఖర్చు ఒక పూట కూలీ కన్నా తక్కువ. అయినా మన రోడ్ల మీద గొలుసున్న మిల్లరు కనిపించడం అరుదు.

రాత్రిపూట సంగతి మీరు కూడా చూసే ఉంటారు. పికప్ వెనక ఎర్ర దీపాలను మిల్లరు డ్రమ్ము కప్పేస్తుంది. మిల్లరుకు సొంత దీపం ఉండదు. వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి దగ్గరికొచ్చేదాకా అక్కడొక ఇనుప గుట్ట ఉందని తెలియదు. మిషను విప్పేశాక కూడా ప్రమాదం తీరదు. హుక్కు బండికే ఉండిపోతుంది. బంపరు దాటి జానెడు బయటికి పొడుచుకొచ్చిన ఆ ఇనుము, ట్రాఫిక్‌లో వెనక ఆగే స్కూటరువాడి మోకాలి ఎత్తులో ఉంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సెమీ ట్రైలరు, సైడ్‌కారు తప్ప మోటారు వాహనం లాగే బండి ఏదైనా ట్రైలరే. లాగుతున్న బండి నంబరు చివరి ట్రైలరు మీద కనపడాలని 61వ సెక్షను చెప్తుంది. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 52వ సెక్షను చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు చెల్లవని ఇంకా గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చంటుంది. అంతకుముందు 2017 డిసెంబరులో బండ్ల ముందు పెట్టే బుల్‌బార్లను తీయించమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అప్పుడు ఊరూరా బుల్‌బార్లు ఊడదీశారు. బండి వెనక్కి మాత్రం ఎవరూ వెళ్ళి చూడలేదు.

ఈ లేఖ చదివి మీ అధికారులు రేపే బయల్దేరి, హుక్కున్న ప్రతి పికప్‌కూ 5,000 రాస్తారేమోనన్నది నా భయం. దయచేసి అది చేయకండి. చలానా కట్టిన మేస్త్రీ ఆ రోజు హుక్కు కోయిస్తాడు, వారం తిరక్కుండా రాత్రిపూట మళ్ళీ అతికిస్తాడు. ఈసారి ఇంకా హడావుడిగా, ఇంకా పలచగా. శ్లాబులు ఆగవు, మిల్లర్లు ఆగవు. అవసరం ఉన్నచోట నిషేధం పనిని చీకట్లోకి నెడుతుంది, అంతే.

దారి చట్టంలోనే ఉంది. 52వ సెక్షనే ఇంజను మార్పును ఒక షరతు మీద ఒప్పుకుంది. పెట్రోలు బండికి గ్యాసు కిట్టు పెట్టుకోవచ్చు. కిట్టు పరీక్షకు నిలిచినదై ఉండాలి, అనుమతి ఉన్న వర్క్‌షాపులో బిగించాలి, రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించాలి. ఈ పద్ధతి రాకముందు వంటగ్యాసు సిలిండరును డిక్కీలో పెట్టుకుని తిరిగిన రోజులు మనకు తెలుసు. గ్యాసుకు చేయగలిగినది హుక్కుకు చేయలేమా? రూలు మార్చాల్సింది కేంద్రం. అడగాల్సింది మీరు. రెండు రాష్ట్రాలూ కలిసి అడిగితే బరువుంటుంది.

కేంద్రం జవాబిచ్చేలోపు మీ చేతుల్లో ఉన్న పని చాలా ఉంది. అన్నిటికన్నా ముందు కావలసింది ఒక డ్రాయింగు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే పికప్ రకాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కో రకానికి ఒక్కో హుక్కు డ్రాయింగు తయారుచేయించి, చెన్నై పక్కన ఒరగడంలో ఉన్న వాహన పరీక్షా కేంద్రం జీఏఆర్‌సీలోనో, అలాంటిదే మానేసర్‌లోని ఐక్యాట్‌లోనో పరీక్ష పెట్టించండి. మిల్లర్ల నొగలు, ట్రాక్టరు ట్రక్కుల హుక్కుల కోసం అంత దూరం కూడా పోనక్కర్లేదు. వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. వాళ్ళను సలహా అడగండి. తయారీ కంపెనీలను కూర్చోబెట్టి, ఏ మోడలు ఎంత లాగగలదో అంకె చెప్పమనండి. లాగడానికి పనికిరాదంటే ఆ మాటే చెప్పమనండి. అదీ అంకే.

ఆ డ్రాయింగు ఎలా ఉండాలో నా పరిధిలో నేను చెప్పగలను. బంపరుతో దానికి సంబంధం ఉండకూడదు. ఛాసిస్ రెండు కమ్ముల లోపలి వైపున రెండు పక్క ప్లేట్లు, వాటి మధ్య అడ్డంగా ఒక గొట్టం, ఆ గొట్టానికి హుక్కు లేదా బాల్ పెట్టే చోటు. పక్క ప్లేట్లను ఛాసిస్‌కు బోల్టులతోనే బిగించాలి, వెల్డింగు చేయకూడదు. ఛాసిస్ ఉక్కు వేడి తగిలితే గుణం మారుతుంది. పై అంచుకూ కింది అంచుకూ చిల్లు పెట్టకూడదు, బరువంతా మోసేవి అవే. నిలువు గోడలో, వీలైతే కంపెనీ వదిలిన చిల్లుల్లోనే బోల్టు పోవాలి. బోల్టు తల మీద 8.8 అని ఉండాలి. వెల్డింగు అంతా బండికి దూరంగా, టేబుల్ మీద, ప్లేట్లకూ గొట్టానికీ మధ్యనే జరగాలి. అక్కడ తీరిగ్గా, రెండు వైపులా, మూలలు చుట్టి, ఎండిన 7018 రాడ్డుతో వేయొచ్చు. బండి కింద పడుకుని, పైకి చూస్తూ, నిప్పురవ్వలు కంట్లో పడుతుంటే వేసే వెల్డింగు ఎవరు వేసినా అంత బాగా రాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పటి బీఎస్-6 బండ్ల నిండా సెన్సర్లు, కంట్రోలు యూనిట్లు. బ్యాటరీ తీయకుండా బంపరుకు ఆర్కు తగిలించి బండి స్టార్టు కాక లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు. పక్కనే డీజిలు ట్యాంకు ఉంటుంది. బోల్టు బిగింపులో ఈ గొడవ లేదు.

ఆ డ్రాయింగును తెలుగులో, ఎం.ఎం. కొలతలతో, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇవ్వండి. వెల్డరు ట్రేడు ఏడాది కోర్సు. అందులో ప్రాక్టికల్ జాబులు ఎన్నో ఉంటాయి. ఈ హుక్కును ఒక జాబుగా చేర్చమని ఉపాధి శిక్షణ శాఖకు రాయండి. రెండు రాష్ట్రాల ఐటీఐల్లోనూ ఏటా బయటికొచ్చే పిల్లలు దీన్ని తమ చేత్తో ఒకసారి చేసి బయటికొస్తే, హైవే పక్క షాపుల్లో పని తీరు దానంతటదే మారుతుంది. ఇప్పటికే షాపు నడుపుతున్నవాళ్ళకు జిల్లా కేంద్రాల్లో ఒక్కరోజు శిక్షణ పెట్టి, పాసైనవాడికి ఒక నంబరు ఇవ్వండి. తాను చేసిన హుక్కు మీద ఆ నంబరు, మోసే బరువు గుద్దమనండి. నా పిల్లల సంగతి నాకు తెలుసు. తన నంబరు గుద్దాల్సి వస్తే ఎవడూ కమాను పట్టీ ముట్టుకోడు.

మీరు అనుకోని బలం మీకు ఇంకొకటి ఉంది. ఈ మిల్లర్లను, కంప్రెషర్లను, తారు బాయిలర్లను ఎక్కువగా తిప్పేది ప్రభుత్వ పనులే. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, గృహనిర్మాణ శాఖల టెండరు కాగితాల్లో ఒక్క వాక్యం చేర్పించండి. యంత్రం పని చోటుకు లారీ మీద రావాలి, లేదంటే అనుమతి ఉన్న హుక్కు, రెండు గొలుసులు, వెనక ఎర్ర దీపాలతో రావాలి. బిల్లు ఆగుతుందంటే కాంట్రాక్టరు వారంలో గొలుసు కొంటాడు.

ఇన్సూరెన్సు గురించి కూడా ఆలోచించండి. ట్రాక్టరుకు పాలసీ ఉండి ట్రక్కుకు లేకపోవడంతో, నష్టపరిహారం ఎవరు కట్టాలన్న వాదన మీద ఏళ్ళ తరబడి నడిచిన కేసులు మన కోర్టుల్లో ఎన్నో ఉన్నాయి. రిజిస్ట్రేషనే లేని మిల్లరు, అనుమతి లేని హుక్కు నుంచి ఊడి ఒకరి ప్రాణం తీస్తే ఆ కుటుంబం ఎవరి ఇంటి ముందుకు వెళ్ళాలి? హుక్కు పుస్తకంలో ఎక్కితే, మిషనుకు నంబరు వస్తే, ఆ ప్రశ్నకు కనీసం ఒక చిరునామా దొరుకుతుంది.

ఈ లేఖ చదువుతున్న పికప్ యజమానులకు, మేస్త్రీలకు ఒక మాట. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. కుదిరితే మిషనును లారీ మీదో, ట్రాక్టరు ట్రక్కులోనో ఎక్కించి తెప్పించండి. లాగక తప్పకపోతే పగటిపూట, నెమ్మదిగా, ఛాసిస్‌కు కట్టిన రెండు గొలుసులతో లాగండి. బయల్దేరేముందు హుక్కు చుట్టూ, బంపరు బ్రాకెట్ల చుట్టూ మట్టి తుడిచి చూడండి. రంగు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు. దాని మీద ఇంకో వరస వెల్డింగు వేయించకండి, కోసి పారేయండి. మిషను దించాక హుక్కు ఊడదీసి బండిలో వేసుకోండి.

మంత్రివర్యులారా, నేను అడుగుతున్నది కొత్త శాఖ కాదు, పెద్ద బడ్జెట్టు కాదు. పరీక్షకు నిలిచిన ఒక డ్రాయింగు, ఐటీఐల్లో ఒక జాబు, టెండరులో ఒక వాక్యం, కేంద్రానికి ఒక ఉత్తరం. ఎండాకాలం రాగానే ఇళ్ళ పనులు, రోడ్ల పనులు ఊపందుకుంటాయి. మిల్లర్లు మళ్ళీ హైవేల మీదికొస్తాయి. ఈ వేసవి మొదలయ్యేలోపు ఆ డ్రాయింగును మా షాపుల గోడల మీదికి చేర్చండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ వెల్డింగు బోధకుడు